మా బావ, పన్నెండు సబ్‌మెరైన్ పుస్తకాలు

మా బావ సీతాపతి పేరెత్తితే ఇప్పటికీ నాకు గిట్టదు. మనిషి చెడ్డవాడని కాదు. లంచం తినలేదు, తాగలేదు, మా అక్క జయమ్మాళ్ మీద ఏనాడూ చెయ్యెత్తలేదు. పుదుచ్చేరిలో ఒక ప్రభుత్వ ఆఫీసులో ముప్పైరెండేళ్లు గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత కోసపాళయంలో ఇంటి వసారాలో పేము కుర్చీ వేసుకుని చేసిందల్లా పుస్తకాలు చదవడం. పుస్తకాలు చదివి కూడా ఒక మనిషి ఇంత రోత పుట్టించగలడని ఆయన్ని చూసేదాకా నాకు తెలియదు.

ఆ పుస్తకాలు మొదట తెచ్చిపెట్టింది నేనే. ఆ పాపం నాది, ఒప్పుకుంటాను. బజారులో మా పాత్రల కొట్టు పక్కనే రంగరాజన్ అద్దె పుస్తకాల లైబ్రరీ ఉండేది. "ఊరికే గోడలు చూస్తా కూర్చునుండాడు, ఏదన్నా తెచ్చియ్యరా సుధాకరా" అని అక్క బతిమాలితే, 2004లో అట్ట మీద సబ్‌మెరైన్ బొమ్మ ఉన్న లావుపాటి ఇంగ్లీషు నవల ఒకటి పట్టుకెళ్లాను. అలాంటివి అప్పటికే ఏడు వచ్చాయి, తర్వాత ఏడాదికొకటి వచ్చేది. మొత్తం పన్నెండని మొదటి అట్ట మీదే వేశారు. కథంతా ఒక నౌకాదళం కెప్టెన్ గురించి. సముద్రం అడుగున తిరుగుతూ శత్రువుల గూఢచారులను పట్టుకుంటుంటాడు. కానీ అతని రహస్యాలను ఎవడో సొంత మనిషే బయటికి చేరవేస్తుంటాడు. ఆ ద్రోహి ఎవరన్నది పన్నెండో పుస్తకం చివర గానీ తేలదు.

మా ఇళ్లలో మాట తెలుగు, సంతకం తమిళం, ఆఫీసు కాగితం ఇంగ్లీషు. బావకు తెలుగు అక్షరం ముక్క రాదు గానీ ఫైళ్లు నమిలి నమిలి ఇంగ్లీషు మాత్రం బాగా ఒంటబట్టింది. చదవడం పూర్తయిన ప్రతి పుస్తకంలో ముప్పైమూడో పేజీ మూల పెన్సిలుతో చిన్న లంగరు గీసేవాడు. అద్దె లైబ్రరీకి పోయేవాళ్లందరికీ ఇలాంటి గుర్తు ఒకటుంటుంది, చదివినదే మళ్లీ తెచ్చుకోకుండా. అంతవరకే అయితే నాకేం బాధ లేదు. నాలుగో పుస్తకానికి ఆయన నడక మారింది. ఆరో పుస్తకానికి మాట మారింది. బీచి రోడ్డు మీద నిలబడి ఎక్కడో పోయే ఓడను చూసి, "అది సరుకు ఓడ కాదప్పా, నీళ్లలో ఎంత మునిగుండాదో చూడు" అనేవాడు. సముద్రంలో ఈయన తడిసింది మోకాళ్లదాకానే. పడవెక్కితే వాంతి. ఛీ, ఈ ముఖానికి సబ్‌మెరైన్లు!

ఒకసారి ఐదో పుస్తకంలో ఎవరు చస్తారో నేను నోరు జారాను. నెల రోజులు నాతో మాట్లాడలేదు. "కథకు ప్రాణమే అది కదప్పా, దాన్ని పిండేస్తివే" అన్నాడు. అప్పుడు అక్క పక్కనే కూర్చుని చేపలు కడుగుతోంది.

ఆ చేపలు తెచ్చే ఆమె పేరు లోగనాయకి. జాలర్ల పల్లె వీరాంపట్టినం నుంచి పదకొండేళ్లుగా గంప నెత్తిన పెట్టుకుని అక్క గుమ్మానికి వచ్చేది. ఆమె మాట్లాడేది తమిళం, అక్క జవాబు సగం తమిళం, సగం మన భాష. ఆమె మొగుడు వీరాసామికి ఒక ఫైబర్ పడవ ఉండేది. సునామీ నాడు అది ముక్కలైంది. ఆ రోజు లోగనాయకి ఇంట్లోంచి రొమ్ముకు హత్తుకుని పరిగెత్తింది బంగారాన్ని కాదు, ఒక నోటుబుక్కును.

సముద్రం అడుగున రాళ్ల దిబ్బలుంటాయి. వాళ్లు పారు అంటారు. చేపలు చేరేది అక్కడే. జీపీఎస్ పెట్టె కొన్న నాటి నుంచి వీరాసామి తాను కనిపెట్టిన ఒక్కో పారు ఉన్న చోటును చూపే అంకెలను ఆ నోటుబుక్కులో రాసుకుని, దానికి తనకే తెలిసిన పేరు పెట్టుకున్నాడు. అత్తగారి పారు, ముక్కుపుడక, కుంటోడి రాయి, ఇలాంటివి నలభైఒకటి. ఆ అంకెలు సొంత తమ్ముడికైనా చెప్పరు. చెబితే మరునాడు అక్కడ పది పడవలుంటాయి, రెండు నెలల్లో ఆ దిబ్బ మీద చేప పిల్ల మిగలదు. సునామీ తర్వాత వాళ్లు మళ్లీ పడవ కట్టుకున్నా, ఇద్దరు ఆడపిల్లలను చదివిస్తున్నా ఆ నోటుబుక్కు చలవే.

2008 నవంబరు వానల్లో అది తడిసి అంకెలు అలుక్కుపోసాగాయి. తిరగరాయించాలి. ఊళ్లో ఎవరి చేతికిచ్చినా కొంప మునుగుతుంది. అందుకని సముద్రానికి పోని మనిషి కావాలి. "నువ్వైతే పడవెక్కేదానివి కాదు, అక్కా. నువ్వే రాసియ్యి" అంది లోగనాయకి. అక్క పొంగిపోయింది. కొత్త నోటుబుక్కు కొని మధ్యాహ్నాలు రోజుకు రెండు పేజీలు రాసి, రెండింటినీ వంటింట్లో ఊరగాయ జాడీల వెనక దాచేది.

ఆ నెలాఖరులోనే సముద్రం మీదుగా వచ్చినవాళ్లు బొంబాయిలో అంతమందిని చంపారు. తీరమంతా పోలీసులు, ఏ అనుమానం వచ్చినా చెప్పమని చాటింపు. బావ అప్పుడు పదకొండో పుస్తకంలో ఉన్నాడు. నిమ్మకాయ ఊరగాయ కోసం జాడీ జరిపాడు, పాత నోటుబుక్కు చేతికి తగిలింది. అందులో అన్నీ డిగ్రీలు, నిమిషాలు, వింత పేర్లు. స్కూలు అట్లాసు తీసి చూస్తే అన్నీ సముద్రం మధ్యలోనే. ఇంకేముంది, ఆయనకు పూనకం వచ్చింది.

వంటింట్లో ఉన్న పెళ్లాన్ని "ఇదేందే?" అని ఒక్క మాట అడిగి ఉంటే అయిపోయేది. అడగలేదు. ఎందుకంటే పుస్తకాల్లో కెప్టెన్ ఇంట్లో ఎవరికీ ఏదీ చెప్పడు, తన పై అధికారి అడ్మిరల్‌కు మాత్రమే రిపోర్టు ఇస్తాడు! అందుకని మా బావ కూడా నాలుగు పేజీల రిపోర్టు ఇంగ్లీషులో రాసుకుని, నోటుబుక్కును గుడ్డ సంచిలో వేసుకుని స్టేషనుకు పోయాడు. శత్రువుల సబ్‌మెరైన్లు కలుసుకునే చోట్లట. ముక్కుపుడక అన్నది రహస్య సంకేతమట. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నోటుబుక్కు మీద వీరాసామి పేరే ఉంది. మరునాడు బావతో పాటు అతన్నీ పిలిపించారు. అతనికి తోడుగా ఊరి నుంచి నలుగురు పడవల వాళ్లు వచ్చారు. విషయం తెలిసి అక్క ఏడుస్తూ నన్ను పంపింది. ఇన్‌స్పెక్టర్ దుర్మార్గుడేం కాదు, తన పని తాను చేశాడు. "అవి మా చేపల చోట్లు సార్" అన్నాడు వీరాసామి. "అయితే ఒక్కొక్కటీ చదువు. ఎక్కడుంది, ఏ చేప పడుతుంది, చెప్పు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. వీరాసామి గోడ పక్కన నిలబడ్డ నలుగురినీ చూశాడు. "వీళ్లను కొంచెం బయటికి పంపండి సార్" అని చేతులు జోడించాడు. "నువ్వు చెప్పేది నిజమా కాదా అని చెప్పాల్సింది వాళ్లేనయ్యా" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

చెప్పాడు. చెప్పకపోతే గూఢచారి, చెబితే బికారి. అత్తగారి పారులో ఏ నెల వంజరం వస్తుందో, కుంటోడి రాయి మీద సంకరా చేప ఎన్ని బారల లోతులో ఉంటుందో, నలభైఒకటీ చెప్పాడు. తోడుగా వచ్చినవాళ్లలో ఒకడు పెదవులు కదుపుతూ వల్లె వేసుకుంటున్నాడు. థూ, మనుషులు! బెంచి మీద కూర్చున్న మా బావ మాత్రం ఒక్కో అంకెకు తల ఊపుతూ తన కాగితంలో టిక్కు పెట్టుకున్నాడు.

మధ్యాహ్నానికి వీరాసామిని పంపించేశారు, నోటుబుక్కు కూడా ఇచ్చేశారు. ఇంటికొచ్చాక అక్క, "నన్ను ఒక మాట అడిగుంటే మీ నోటి ముత్యాలు రాలిపోయేవా?" అని నిలదీసింది.

"విడిచిపెట్టేసినారు కదా" అన్నాడు బావ. "పుస్తకం వాని చేతిలోనే ఉంది, సముద్రం ఆడనే ఉంది. ఏంది నష్టం?"

అక్క, బావ టిక్కులు పెట్టిన ఆ కాగితమే ముందు పెట్టుకుని కొత్త నోటుబుక్కులో మిగిలిన పేజీలన్నీ రాసి పూర్తి చేసింది. లోగనాయకి మూడు నెలల తర్వాత ఒక్కసారే వచ్చింది. గంపలో చిటికెన వేలంత చేపలు. అక్క నోటుబుక్కు అందిస్తే ఆమె తీసుకోలేదు. "ఇప్పుడు మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా ఇది కంఠపాఠం, అక్కా. నువ్వే ఉంచుకో" అంది. వీరాసామి పడవ ఇసుకలోనే ఉందట, అతను వేరే ఎవరిదో ట్రాలర్ మీద కూలికి పోతున్నాడట. బావ వసారాలోంచి విన్నాడు. పేజీ తిప్పాడు. ఒక్క మాట, "పొరపాటైంది తల్లీ" అన్న ఒక్క మాట ఆ నోటి నుంచి రాలేదు.

2009 జూన్‌లో పన్నెండో పుస్తకం వచ్చింది. బావ దానికోసం రంగరాజన్ దగ్గర ముందే పేరు రాయించాడు. పుస్తకం నా చేతికొచ్చిన రోజు అక్క కొట్టుకు వచ్చింది. ఎప్పుడూ ఒంటరిగా బజారుకు రాని మనిషి. "చివర చూసి, ఆ ద్రోహి ఎవుడో చెప్పరా" అంది. కొట్టులో నిలబడే చివరి అధ్యాయం చదివి చెప్పాను.

బావ తలంటుకుని, ఇస్త్రీ పంచె కట్టుకుని, పెన్సిలు చెక్కి పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. పుస్తకం ఒళ్లో పెట్టాను. అక్క కాఫీ తెచ్చి చేతికిచ్చింది.

"ఆ ముసలి అడ్మిరలేనంట" అంది. "మీ కెప్టెన్ ఇన్నాళ్లూ రిపోర్టులన్నీ ఎవుని చేతిలో పెట్టినాడో, వాడేనంట ద్రోహి."

బావ చేతిలో కాఫీ తొణికి పంచె మీద పడింది. "ఏం చేస్తివే! ఐదేళ్లుగా కాచుకోనుంటినే!"

"ఏమైంది ఇప్పుడు?" అంది అక్క. "పుస్తకం మీ చేతిలోనే ఉంది, కుర్చీ ఆడనే ఉంది. ఏంది నష్టం?"

బావ కళ్లలో నీళ్లు తిరిగాయి. స్టేషన్లో వీరాసామి నలభైఒక్క చోట్లూ ఒప్పజెబుతున్నప్పుడు ఆ కళ్లు పొడిగానే ఉన్నాయి. ఆ పుస్తకాన్ని ఆయన మళ్లీ తెరవలేదు. వారం తర్వాత ముప్పైమూడో పేజీలో ఏ గుర్తూ లేకుండానే తీసుకెళ్లి రంగరాజన్‌కు ఇచ్చేశాను.