బొట్టుకు ఐదు ఇంజెక్షన్లు, రెండు ఇళ్లు

ఆ రోజు ఉదయం నేను ఒక కాలేజీ అమ్మాయి తెల్ల చుడీదార్‌కు అంచు మడిచి కుడుతున్నాను. మిషన్ కింద పడుకున్న మా కుక్క బొట్టు గట్టిగా తుమ్మింది. వంగి చూస్తే, కిందికి వేలాడుతున్న తెల్లగుడ్డ మీద నాలుగైదు నెత్తుటి చుక్కలు. ముందు నా వేలికే సూది గుచ్చుకుందేమో అనుకున్నాను. వేళ్లన్నీ చూసుకున్నాను. ఏమీ లేదు. బొట్టు ముక్కు ఎడమ రంధ్రం మాత్రం ఎర్రగా, తడిగా ఉంది.

నాకు ఆళ్లగడ్డలో చిన్న టైలరింగ్ షాపు ఉంది. పైన గదుల్లో నేనూ మా ఆయనా ఉంటాం. బొట్టు వీధి కుక్క. మూడేళ్ల కిందట వానకు తడుస్తూ షాపు మెట్లెక్కింది, తరిమితే పోలేదు. ఒళ్లంతా నలుపు, నుదుట తెల్లటి మచ్చ. అందుకే ఆ పేరు. మా ఆయనకు వీజింగ్ ఉంది. కుక్క వెంట్రుక తగిలితే ఇన్‌హేలర్ అందుకోవాల్సిందే. అందుకని బొట్టు పైకి రాకూడదు. పగలంతా మిషన్ కింద, షాపు మూశాక మెట్ల మీద. ఆ ఏర్పాటుకు మేం ముగ్గురం అలవాటు పడిపోయాం.

నెత్తురు చూసి తలా ఒక మాట చెప్పారు. పక్కన టీ కొట్టాయన, "వేడి చేసింటాది సుజాతమ్మా, మజ్జిగ పొయ్యి" అన్నాడు. చీర ఫాల్ కుట్టించుకోవడానికి వచ్చిన పెద్దామె, "జలగ దూరింటాది. కుంటలో నీళ్లు తాగినప్పుడు దూరతాది" అంది. నేను మజ్జిగ పోశాను. జలగ కోసం టార్చిలైటు వేసి చూశాను. వారం గడిచింది. తుమ్ములు ఎక్కువయ్యాయి. ఎడమ కంటి కింద చెంప ఉబ్బింది. ముక్కుతో గాలి ఆడక నోరు తెరిచి పడుకునేది. ఆ వారం రోజులు ఊరికే పోగొట్టానని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మంగళవారం ఖాదర్ అన్న ఆటో ఆపాను. ఆయన వారానికోసారి నంద్యాలకు పోయి బట్టల పార్సిళ్లు వేసుకొస్తాడు. పోయేటప్పుడు ఆటో ఖాళీ. సంగతి చెప్పాను. ఆయన కాసేపు బొట్టును చూసి, వెనక సీటు కింద గోనెసంచి పరిచాడు.

"ఎక్కించక్కా. నేనెట్లాగూ పోతాండా గదా."

"నీకు ఇబ్బంది కాదా అన్నా? మీ ఇంట్లో కుక్కను తాకరు కదా?"

"ఇంటికి పోయి తలకు పోసుకుంటాలే. పానం పోతాంటే చూస్తా కూచుంటామా?"

నంద్యాల పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ బొట్టు ముక్కును రెండు వైపులా నొక్కి చూసింది. "ఎన్నాళ్ల నుంచి తుమ్ముతాంది?" అని అడిగింది. చెప్పాను. దూది చుట్టిన సన్న పుల్లను ముక్కులోకి పోనిచ్చి, తీసి గాజు పలక మీద రుద్దింది. "స్మియర్ చూస్తాం. జలగ కాదమ్మా ఇది" అంది. బయట బెంచీ మీద కూర్చున్నాం. గంట తర్వాత పిలిచింది.

"టీవీటీ. ఒక రకం ట్యూమర్. కుక్కల్లో ఒకదాన్నుంచి ఒకదానికి అంటుతుంది, వాసన చూసుకున్నా, నాక్కున్నా. మనుషులకు రాదు."

"ట్యూమర్ అంటే క్యాన్సరా మేడం?"

"క్యాన్సరే. కానీ నయమయ్యే క్యాన్సర్. విన్‌క్రిస్టిన్ అని ఇంజెక్షన్ ఉంది. వారానికొకటి. నాలుగు పట్టొచ్చు, ఆరు పట్టొచ్చు. మధ్యలో ఆపేస్తే మాత్రం మొండికేస్తుంది. రాగలరా?"

రాగలనన్నాను. అనేటప్పుడు ధైర్యంగానే అన్నాను. బయటికొచ్చి ఖాదర్ అన్నకు సంగతి చెప్పాను. మంగళవారం మంగళవారం తానే వచ్చి హారన్ కొడతానన్నాడు.

మొదటి ఇంజెక్షన్‌కు ముంగాలి మీద వెంట్రుకలు గొరిగి, నరంలో క్యాన్యులా పెట్టారు. మందు చుక్క నరం బయట పడితే కండ పుండవుతుందట. అందుకని నేను తల పట్టుకుంటే ఖాదర్ అన్న వెనక కాళ్లు పట్టుకున్నాడు. బొట్టు కదల్లేదు. నా మోచేతి మడతలో ముక్కు పెట్టుకుని నిలబడింది. ముక్కులోంచి కారిన నెత్తురు నా జాకెట్ చేతికంతా అంటింది. "రెండు మూడు రోజులు దాని మూత్రం, వాంతి ఉత్త చేతుల్తో తాకొద్దు, గ్లౌజ్ వేసుకోండి" అని డాక్టరమ్మ చెప్పింది. మెట్ల మీద వేరే కుక్కలు దగ్గరికొస్తాయని, షాపులోనే కిటికీ పక్కన దానికి చోటు చేశాను. మా ఆయన నోటికి మాస్కు కట్టుకుని వచ్చి పాత దుప్పటి పరిచి పోయాడు.

రెండో ఇంజెక్షన్ తర్వాత నెత్తురు ఆగింది. చెంప వాపు తగ్గింది. నోరు మూసుకుని నిద్రపోయింది. సన్నగా గురక కూడా పెట్టింది. ఆ గురక వింటూ నేను ఒక జాకెట్‌కు చేతులు తారుమారుగా కుట్టేశాను, మళ్లీ విప్పుకున్నాను.

ఇక గట్టెక్కాం అనుకున్నాను. మూడో ఇంజెక్షన్ అయిన ఐదో రోజు బొట్టు లేవలేదు. పెరుగన్నం పెడితే మొహం తిప్పుకుంది. ఉడికించిన గుడ్డంటే దానికి ప్రాణం, అది కూడా వద్దంది. మధ్యాహ్నానికి ఒళ్లు కాలిపోతోంది. మంగళవారం కాదు. అయినా ఫోన్ చేయగానే ఖాదర్ అన్న ఆటో తెచ్చాడు. ఆసుపత్రిలో బ్లడ్ టెస్ట్ చేశారు.

"కౌంట్ బాగా పడిపోయింది. తెల్ల కణాలు లేవు, ఇన్ఫెక్షన్ పట్టుకుంది. ఇప్పుడు ఇంజెక్షన్ వేస్తే చంపినట్టే" అంది డాక్టరమ్మ.

"మధ్యలో ఆపొద్దన్నారు కదా మేడం?"

"ఆపడం లేదు. వాయిదా వేస్తున్నాం. ముందు ఇది బతకాలి."

మూడు రోజులు సెలైన్, యాంటీబయాటిక్స్. దూరం తిప్పలేక సెలైన్ షాపులోనే పెట్టించుకున్నాం. ఆళ్లగడ్డలోని కాంపౌండర్ వచ్చి సూది పెట్టి పోయేవాడు. సీసాను మిషన్ పైన కొలతల టేపు తగిలించే మేకుకు వేలాడదీశాం. వచ్చిన కస్టమర్లు గుమ్మంలోనే ఆగిపోయేవాళ్లు. "ఏందీ సుజాతమ్మా, కుక్కకు గ్లూకోజా?" అని నవ్విన వాళ్లున్నారు. కొందరు చెప్పులు విడిచి లోపలికొచ్చి, బట్టలు పక్కన పెట్టి, కాసేపు దాని దగ్గర కూర్చుని పోయారు. మూడో రోజు సాయంత్రం బొట్టు తల ఎత్తి, నా వేలికున్న మజ్జిగను నాకింది. నేను మిషన్ మీద తల పెట్టుకుని ఏడ్చాను.

కౌంట్ కోలుకున్నాక నాలుగోది, ఐదోది పడ్డాయి. మళ్లీ స్మియర్ తీశారు. డాక్టరమ్మ మైక్రోస్కోప్ నుంచి తలెత్తి, "క్లియర్" అంది. వెంటనే ఇంకో మాట కూడా చెప్పింది. "దీన్ని మళ్లీ వీధిలో వదలకండి. మళ్లీ అంటుకోవచ్చు. ఒక ఇల్లు చూడండి."

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి.

బొట్టు ఫోటోలు తీసి తెలిసిన వాళ్ల ఫోన్లకు పంపాను. నంద్యాల నుంచి ఒక కుటుంబం వచ్చింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. పిల్లలు బొట్టును వదల్లేదు. "ముక్కులో చిన్న గడ్డ ఉండేది, నయమైంది" అన్నాను. క్యాన్సర్ అనే మాట నా నోటికి రాలేదు. వస్తే వాళ్లు వెనక్కి పోతారని భయం. ఆసుపత్రి చీటీలన్నీ నా సొరుగులోనే ఉంచుకున్నాను.

పన్నెండు రోజులకు ఆ తల్లి ఫోన్ చేసింది. టీకా వేయించడానికి అదే ఆసుపత్రికి తీసుకుపోయారట. డాక్టరమ్మ బొట్టును గుర్తుపట్టి, "ట్యూమర్ పూర్తిగా పోయింది కదా, ముక్కు ఎట్లుంది?" అని ప్రేమగా అడిగిందట.

నేను ఖాదర్ అన్న ఆటోలో పరుగెత్తాను. మనుషులకు అంటదని, డాక్టరునే అడగమని చెప్పాను. ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

"డాక్టర్ కూడా అదే చెప్పినాదిలేక్కా. నువ్వు ముందే చెప్పింటే మా మనసు మేం కుదుర్చుకుంటాంటిమి. దాపెట్టినావు. ఇప్పుడు నువ్వేం చెప్పినా, ఇంగా ఏం దాపెట్టినావో అనిపిస్తాండాది. మా అత్త పిల్లోల్లను దాని దగ్గరికి పోనియ్యడంలే."

చిన్నవాడు బొట్టు మెడ పట్టుకుని ఏడుస్తున్నాడు. బొట్టు ఆటో ఎక్కింది కానీ, మలుపు తిరిగేదాకా ఆ ఇంటివైపే చూస్తూ కూర్చుంది. దానికి దొరికిన ఇంటిని దాని జబ్బు పోగొట్టలేదు. నేను పోగొట్టాను. షాపు దగ్గర దింపాక ఖాదర్ అన్న, "ఈ తూరి ఉన్నదున్నట్టు చెప్పక్కా" అన్నాడు.

నెల గడిచింది. ఇద్దరు ముగ్గురు అడిగారు. జబ్బు పేరు ముందే, గొంతు తగ్గించి చెప్పాను. విని వెళ్లిపోయారు.

ఒకరోజు లక్ష్మీదేవి అక్క వచ్చింది. మహానంది దగ్గర వాళ్లకు అరటితోట ఉంది. పుట్టిల్లు ఆళ్లగడ్డ కావడంతో జాకెట్లు నా దగ్గరే కుట్టించుకుంటుంది. ఆమె జాకెట్‌కు ఎడమవైపు లోపల దూది పెట్టి కుట్టాలి. రెండేళ్లుగా కుడుతున్నాను. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. కొలత తీసుకునేటప్పుడు ఇద్దరం వేరే సంగతులు మాట్లాడుకునేవాళ్లం.

ఆ రోజు బొట్టు వచ్చి ఆమె పాదం మీద గడ్డం పెట్టుకుంది. ఆమె వంగి దాని ముంగాలు చేతిలోకి తీసుకుంది. గొరిగిన చోట వెంట్రుకలు ఇంకా పొట్టిగానే ఉన్నాయి. అక్కడ బొటనవేలితో రాస్తూ అడిగింది.

"దీనికేమైండె?"

"క్యాన్సర్ అక్కా. ముక్కులో" అన్నాను. గొంతు తగ్గించకుండా ఒకరితో ఆ మాట అనడం అదే మొదటిసారి.

"ఎన్ని ఎక్కించినారు?"

"ఐదు."

"నాకు ఎనిమిది." ఆమె చెయ్యి బొట్టు కాలి మీదే ఉంది. "నాకు నోరంతా పుండ్లు పడె. నీళ్లు గూడా మింగలేకపోతి. దీనికి పడినాయా?"

"అది చెప్పలేదు కదక్కా."

ఆమె పెద్దగా నవ్వింది. రెండేళ్లలో ఆమె అట్లా నవ్వడం నేను చూడలేదు. సొరుగులోంచి చీటీలన్నీ తీసి ముందు పెట్టాను. మళ్లీ వచ్చే అవకాశం ఉందని, ఆరు నెలలకోసారి చూపించాలని, కౌంట్ పడిపోయినప్పుడు చచ్చి బతికిందని, నంద్యాల ఇంటి సంగతి, నా అబద్ధం, అన్నీ చెప్పాను. అంతా విని, "మాయప్పను పిల్చుకొస్తా. ఇదే మాట ఆయప్పకు గూడా నువ్వే చెప్పు" అని వెళ్లింది.

నాలుగు రోజులకు భర్త ఓబులేసు అన్నతో వచ్చింది. తక్కువ మాటల మనిషి. నిలబడే విన్నాడు.

"మళ్లా వస్తే?" అన్నాడు.

"రావచ్చన్నా. రాదని నేను చెప్పలేను."

"వస్తే చూపిస్తాం. ఈమెను ఆర్నెల్లకోతూరి కర్నూలుకు తీస్కపోతానే ఉండా. దీన్ని నంద్యాలకు తీస్కపోలేనా?"

ఆ మాట అని వంగి బొట్టును ఎత్తుకోబోయాడు. అది గుర్రుమంది. "సరేలేమ్మా, నువ్వే ఎక్కు" అని పక్కకు జరిగాడు. ఖాదర్ అన్న ఆటోలోనే తోటకు తీసుకుపోయాం. ఆ రోజు గోనెసంచి పరచలేదు ఆయన. సీటు మీదే ఎక్కించాడు.

ఇప్పటికి ఏడాది దాటింది. బొట్టుకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, టీకాలు పడ్డాయి, రెండుసార్లు స్మియర్ చూశారు, రెండుసార్లూ క్లియర్. లక్ష్మీదేవి అక్క చెకప్ కూడా బాగానే ఉంది. పోయిన నెల తోటకు వెళ్లాను. అరటిచెట్ల మధ్య కాలువలో బురద పూసుకుని బొట్టు పరుగెత్తుకొచ్చింది. నా చీర, చేతులు, చెప్పులు అన్నీ వాసన చూసింది. అంతలో లక్ష్మీదేవి అక్క గట్టు మీంచి, "బొట్టూ, యాడికి పోయినావే?" అని పిలిచింది. అది నన్ను వదిలేసి ఆమె దగ్గరికి పోయింది. నా మనసు కాస్త చివుక్కుమంది. ఆ తర్వాత చాలా హాయిగా అనిపించింది.

జబ్బు పడి లేచిన కుక్కనో పిల్లినో ఎవరికైనా ఇవ్వబోతున్న వాళ్లకు నేను చెప్పేది ఇదొక్కటే. జబ్బు పేరు ఇంట్లో పెద్దవాళ్లందరి ముందూ నోరు తెరిచి చెప్పండి, ఆసుపత్రి చీటీలన్నీ వాళ్ల చేతిలో పెట్టండి, నాలుగు రోజులు ఆలోచించుకోమని పంపండి. తిరిగి వచ్చిన వాళ్లకే ఇవ్వండి.