గంగారాం కాక యుద్ధనౌకలు

గంగారాం కాకకు ఒకటే పిచ్చి, తపాలా బిళ్లల మీది యుద్ధనౌకలు. పెళ్లింట్లోనైనా చావింట్లోనైనా జేబులోంచి బిళ్ల తీసేవాడు. గుడ్డలో పోగులు లెక్కబెట్టే భూతద్దం మన కంటికి ఆనించి, "ఫిరంగి కనవడుతున్నదా?" అని అడిగేవాడు. కనబడలేదంటే వదలడు, కనబడిందంటే అసలే వదలడు.

జన్మంతా సూరత్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపిన మనిషి. హజీరా తీరం అంత దగ్గరున్నా సముద్రం చూడలేదు.

"ఒక్కసారి పోయి చూడరాదే కాకా."

"ఉత్త నీళ్లేం జూస్తం రా. ఓడలు ఇంట్లనే ఉన్నయి గద."

కరోనా రెండో ఏడు వేసవిలో, సూరత్‌లోని అమ్రోలిలో మా సాంచాలు ఆగిపోయాయి. ఆ చప్పుడు లేక మాకు నిద్ర పట్టేది కాదు. వినబడేవల్లా అంబులెన్సులే. ఎక్కడ దగ్గు వినబడినా గల్లీ అంతా కిటికీలు మూసుకునేది. అప్పుడే మా గదిలో ఉండే లింగానికి జ్వరమొచ్చింది. పరీక్షలో అదేనని తేలింది. దవాఖానలో మంచాల్లేవు, ఆయాసం వస్తే తీసుకురమ్మన్నారు. వేలికి పెట్టి చూసే ఆక్సీమీటర్ బజారులో ఎక్కడా దొరకలేదు. లింగాన్ని డాబా మీది గదిలో ఉంచాం.

కాక పూటకో బిళ్ల ఆ తలుపు కింది నుంచి లోపలికి తోసేవాడు. మమ్మల్నెవరినీ వేలితో ముట్టనివ్వని బిళ్లలవి.

"నీలగిరి ఓడను పంపిన. ముంగట్నుంచి ఎన్కదాకా ఏమేం ఉన్నయో ఆగకుంట చెప్పు. నడుమ ఆగితే ఓడ మునుగుతది."

"నీ ఓడలల్ల మన్నువడ. పానం పోతుంటే గిదేంది కాకా?"

"ఫిరంగి కాడికెళ్లి మొదలువెట్టు."

లింగం తిట్టుకుంటూనే చెప్పేవాడు. నాకు ఒళ్లు మండేది. "జర సిగ్గుండాలె కాకా, మనిషిని పండుకోనియ్యి," అన్నాను. కాక తలుపుకు చెవి ఆనించి, చెయ్యెత్తి నన్ను ఊరుకోమన్నాడు.

ఒక పొద్దున లింగం "ముంగట ఫిరంగి... దానెన్క... పొగ గొట్టం..." అని ఆగాడు. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ ఆగాడు.

కాక ఆటో కోసం అరుస్తూనే మెట్లు దిగాడు. ఆక్సిజన్ మంచం దొరికేదాకా దవాఖాన వాకిట్లోంచి కదల్లేదు. ఇంకో పూట ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరమ్మ చెప్పింది.

"అయితే నువ్వడిగింది ఓడ గురించి కాదా?" అన్నాను.

"పోగు తెగితే సాంచ చప్పుడు మారుతదా లేదా? ఊపిరి గూడ గంతే. ఊపిరి జూస్తున్న అంటే వాడు భయపడుతడు. ఓడ అంటే తిడుతడు. తిట్టనీ."

లింగం ఉన్న గదికి మందు కొడితే లోపలి బిళ్లలన్నీ తడిసి ముద్దయ్యాయి. కాక వాటిని ఊడ్చి పారేశాడు. నాకే బాధేసింది.

ఆ వారం మా గల్లీ నుంచి దవాఖానకు పోయినవాళ్లలో సమ్మక్క మొగుడు తిరిగి రాలేదు. లింగం వచ్చాడు, సగమై వచ్చాడు. కాక ఓడల గురించి ఎందుకడిగాడో అతనికి ఇంకా ఎవరూ చెప్పలేదు. గడపలోనే కాకను పట్టుకున్నాడు.

"ఏం మనిషివే నువ్వు, జెరమొచ్చి సస్తుంటే ఫిరంగులు లెక్కవెట్టిస్తవా, తిననియ్యవు పండనియ్యవు, ఊళ్లె ఇంకెవ్వలు దొరకలేదా నీకు, ఇంకోసారి ఓడ అన్నవంటే నిన్ను దీస్కపోయి తాపీ నదిల నూకుత," అని ఎక్కడా ఆగకుండా దులిపేశాడు.

కాక కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"మంచిగున్నది," అన్నాడు నాతో. "ఇంకో నాలుగు తిట్టుమను."