దినం మార్చుకునే టికెట్టు

పదేండ్లకు పైనే అయింది, ఒక మాట నా రొమ్ములో అడ్డం పడి. సంగటి ముద్ద తొందరపడి మింగితే నిలబడిపోతాది చూడు, నీళ్లు తాగినా కదలదు, అట్ల. పగలంతా పనిలో మరిచిపోయినట్టే ఉంటాను. ఎవరన్నా నన్ను మెచ్చుకుంటే చాలు, మళ్ళా ఆడనే ఉండాదని తెలుస్తాది.

నేను రాసేదాన్ని కాను. మూడో తరగతి దాకా చదివినాను. ఆ తర్వాత మా నాయన ఎనుములు మేపేదానికి పెట్టినాడు. తప్పులుంటే నువ్వే సర్దుకొని చదువుకో. నువ్వు అంటా ఉండానని కోపం వద్దు. మనవరాండ్లుండే ముసలిదాన్ని, అందరినీ నువ్వనే అంటాను. నా ముఖం నీకు తెలీదు, నీ ముఖం నాకు తెలీదు. అందుకే నీకు చెప్పేదానికి వీలయితా ఉండాది. పేరు మటుకు అడగొద్దు. మాది పలమనేరు పక్క పల్లె, అంతవరకు చాలు.

మా ఇంట్లో అగ్గిపుల్ల గీయాలన్నా నన్నడిగి గీయాలని మా ఆయన ఎగతాళి చేసేవాడు. నిజమే. పెట్టె తాళం నా నడుములోనే ఉండేది. మా ఆయన మెత్తనోడు, ఎవరేమడిగినా "మీ వొదిననడుగు", "మీ అమ్మనడుగు" అనేసి పొలానికి పోయేవాడు. వానలేని ఏండ్లలో ఆ ఇల్లు నిలబడిందంటే నా పిసినారితనం వల్లనే. ఇది గొప్పకు చెప్పలేదు. నన్ను నేను సమర్థించుకునేదానికి చెప్తా ఉండానేమో. చూడు, మొదట్లోనే మొదలుపెట్టినాను.

నా మొగునికి ఒకే తమ్ముడు. నేను కాపరానికి వచ్చేసరికి చిన్నపిల్లోడు. నా చేతి కూడు తిని పెద్దయినాడు. ఇంట్లో అందరూ చిన్నోడనే పిలిచేది. బాకీ చేసి కువైట్‌కి పోయినాడు. అప్పుడు మా పక్క నుంచి అట్ల పోయేవాళ్లు ఇప్పటంత మంది లేరు. వాడు పోయిన మరుసటేడు మా అత్తకు పక్షవాతం కొట్టింది. ఎడమ కాలూ ఎడమ చెయ్యీ పడిపోయినాయి. చూపు కూడా మందగించింది. ఎత్తి కూర్చోబెట్టేది, కడిగేది, గుడ్డలు మార్చేది అంతా నేనే. నిండా కష్టమైన పని అది. చేసినాను. ముఖం చిట్లించుకొనే చేసినాను, కానీ ఒక్కపూట తప్పలేదు.

చిన్నోడు సెలవు పెట్టి వచ్చినాడు అమ్మ కోసమని. వాడు వాకిట్లో అడుగు పెట్టిన దినం నుంచి మా అత్త నా చేతి ముద్ద ముట్టలేదు. వాడు కలిపి పెడితేనే నోరు తెరిచేది. ఒక పూట వాడు యాడికో పోయింటే నేను గిన్నె తీసుకొని పోయినాను. "నువ్వు పెడితే మందు తిన్నట్టు ఉంటాదే" అనింది. పక్కింటోళ్లు కూడా ఉన్నారు, నవ్వినారు. నేనూ నవ్వినాను. ఆ నవ్వు యాడ నుంచి వచ్చిందో నాకే తెలీదు.

మా పక్క తండ్రికి పెద్దకొడుకు, తల్లికి చిన్నకొడుకు కొరివి పెట్టేది ఆనవాయితీ. మా అత్తకు అదొక్కటే ఆశ. వంకరపోయిన నోటితోనే "నువ్వే పెట్టాల నాయనా, నువ్వే" అని వాని చెయ్యి పట్టుకొని అడిగేది. వాడు "పెడతాలేమ్మా, ముందు ఈ ముద్ద తిను" అనేవాడు.

వాడు పోయేదానికి టికెట్టు ఇక్కడే కొనాల. అమ్మను విడిచి కదలలేక, తిరుపతికి పోయి తెమ్మని నాకు చెప్పినాడు. పెట్టెలో ఎంతుండాదో నాకొక్కదానికే తెలుసు, దాంట్లో నుంచే దుడ్లు తీసుకొని పోయినాను. తిరుపతిలో బస్టాండు పక్కన మేడ మీద విమానం టికెట్లు ఇప్పించేవాడు ఒకాయన ఉండేవాడు. "వొదినా, దినం మార్చుకునే టికెట్టు ఒకటి ఉంటాదంట, ఆడ మాతో పనిచేసేవాళ్లు చెప్పినారు. రేటు ఎక్కువైనా అదే తీసుకో. అమ్మ ఎట్లుంటాదో తెలీదు కదా" అన్నాడు. ఇంత స్పష్టంగా చెప్పినాడు. నాకు వినపడలేదని అబద్ధం చెప్పేదానికి కూడా లేదు.

టికెట్టాయన మంచోడే. నాకు అర్థమయ్యేట్టు చెప్పినాడు. రెండు రకాలు ఉండాయమ్మా అన్నాడు. ఒకటి, కూలికి పోయేవాళ్లనంతా గుంపుగా ఎక్కించే టికెట్టు. రేటు తక్కువ. రాసిన దినమే పోవాల, పోకుంటే పైసా వాపసు రాదు. ఇంగొకటి, ఎప్పుడు కావాలంటే అప్పటికి మార్చుకోవచ్చు. దానికి దగ్గర దగ్గర రెండింతలు.

"సీటు వేరేనా?" అని అడిగినాను.

"లేదమ్మా, సీటు ఒకటే."

"అన్నం?"

"అదీ ఒకటే."

"ముందు దింపుతారా?"

ఆయన నవ్వినాడు. "ఒకే విమానమమ్మా, అందరూ ఒకేసారి దిగేది. నువ్వు దుడ్లిచ్చేది సీటుకు కాదు, దినానికి."

"దినాన్ని దేవుడు ఊరికే ఇస్తా ఉండాడు, నీకెందుకియ్యాల?" అన్నాను నేను. ఆడ కూర్చొనుండేవాళ్లంతా పకపకా నవ్వినారు. నాకు గర్వంగా ఉండింది. బేరంలో గెలిచినట్టు. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు నా నాలుక నాకే చేదుగా ఉంటాది.

తక్కువదే తీసుకున్నాను. అది కూడా వాని సెలవు ముగిసేదానికి పది పన్నెండు దినాలు ముందరి తేదీకి. ఆ గుంపు అప్పుడే పోతాదంట. మిగిలిన దుడ్లు రవికలో పెట్టుకొని బస్సెక్కినాను. బస్సు కొండదారి ఘాటు ఎక్కేటప్పుడే, ఇంట్లో ఏం చెప్పాలో అనుకున్నాను. అంటే మనసు అప్పటికే తెలుసుకొని ఉండింది కదా, నేను చేసింది తప్పని? తప్పు కాకుంటే మాట వెతుక్కునే పనేముంది?

"దినం మార్చుకునేది లేదంట నాయనా. ఉండేది ఈ ఒక రకమేనంట" అని చెప్పినాను. వాడు టికెట్టు అటూ ఇటూ తిప్పి చూసి, "సరే వొదినా, ఏం చేస్తాం" అన్నాడు. అంతే. నా మాట మీద వానికి అంత గురి.

మిగిలిన దుడ్లు రాగుల కుండలో దాచినాను. దొంగతనం చేసినానని నువ్వు అనుకోవద్దు, ఒక్క రూపాయి నా ఒంటికి వాడుకోలేదు. ఇంటికే. ఇంటికని ఏ పాపమైనా చేయచ్చా? ఇన్నేండ్లూ నన్ను నేను అడుగుతా ఉండేది ఇదే.

ప్రయాణానికి ముందటి దినం మధ్యాహ్నం మా అత్తకు గుటక దిగలేదు. రొమ్ములో గురగుర మొదలయింది. నేను పెరట్లో పిడకలు తడతా ఉండాను. చిన్నోడు వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"వొదినా, అమ్మ నీళ్లు మింగలే. నేను రేపు ఎట్ల పోయేది?"

"డాక్టరు ఏమన్నాడు?"

"చెప్పలేమన్నాడు. వారమో, రెండు దినాలో."

"ఇట్ల ముందు కూడా రెండుసార్లు అయింది. మళ్ళా లేసి కూర్చోలేదా?"

"అన్నను అడిగితే మీ వొదిననడుగు అన్నాడు." నవ్వబోయినాడు, రాలేదు. "ఆ టికెట్టు పోతే పోనీ వొదినా. ఇంగొకటి కొనేదానికి ఏమన్నా ఉండాయా మన తావ?"

నా చేతుల్లో పేడ. రాగుల కుండ గోడకవతల. నాకూ దానికీ నడుమ ఆ ఒక్క మట్టిగోడే.

"యాడుండాయి చిన్నోడా? నువ్వు పంపినదంతా బాకీకే పాయ కదా."

వాడు నేల మీద పడిన పేడ ముద్ద తీసి నా తట్టలో వేసినాడు. "నువ్వు ఉండమంటే ఉంటా. ఎవరి కాళ్లో పట్టుకొని అప్పు తెస్తా. నువ్వు చెప్పు. నువ్వు ఏం చెప్తే అది."

"పో" అన్నాను. "అమ్మకు నేనుండా."

ఇది చెప్పేదానికే ఇంత దూరం వచ్చినాను. టికెట్టు కాడ నేను చేసింది తెలివితక్కువ పని అనుకో. సీటు ఒకటే అయినప్పుడు ఎక్కువెందుకని ఎవరైనా అంటారు. నీలాంటి చదువుకున్నోళ్లు కూడా అంటారు. కానీ పెరట్లో? అప్పుడు నాకు అన్నీ తెలుసు. అత్త పోతాదని ఆ గురగుర వింటేనే తెలుసు. ముసలోళ్లను చూసిన చెయ్యి నాది. దుడ్లు ఉండాయని తెలుసు. అయినా పొమ్మన్నాను. ఎందుకు? దుడ్ల కోసమేనా? చానా దినాలు అట్లనే నమ్మినాను, ఎందుకంటే అది చిన్న పాపం. పిసినారిదని ఊరంతా అనేదే కదా, ఇంగొకసారి అనుకుంటే పోయేదేముంది. అది కాదు. వాడు పోతే ఆమెకు నా చేతి ముద్దే గతి అని నా లోపల యాడో ఉండింది. మూడేండ్లు కడిగింది నేను, పిలిచేది వాన్నా? కడపట నన్నే పిలవాలని ఉండింది నాకు. ఒక ముసలామె కడపటి పిలుపు కోసం పోటీ పడిన దాన్ని నేను.

వాడు తెల్లవారి బస్సెక్కినాడు. అమ్మ నొసటి మీద చెయ్యి పెట్టి, మళ్ళా తీసి, మళ్ళా పెట్టి పోయినాడు. మూడో దినం మా అత్త పోయింది. పోయే ముందు కుడిచెయ్యి ఎత్తి గాలిలో తడిమి నా ముఖం పట్టుకునింది. "చిన్నోడా" అనింది. నన్ను పిలవలేదు. "ఉండానమ్మా" అని వాని బదులు నేను పలికినాను. నా గొంతు వాని గొంతులాగ ఉంటాదా? ఆమె నమ్మిందో లేదో నాకు తెలీదు. చెయ్యి మటుకు తీయలేదు, చల్లబడేదాకా.

కొరివి మా ఆయన పెట్టినాడు. "ఇది నాది కాదు, నాది కాదు" అని ఏడుస్తానే పెట్టినాడు. టెలిగ్రాము కువైట్‌లో వానికి అందేసరికి ఈడ అన్నీ ముగిసిపోయినాయి.

మరుసటి నెల ఆ దుడ్లతో ఒక సీమ ఆవును కొన్నాము. చీటీ దుడ్లని మా ఆయనకు చెప్పినాను. మంచి పాడి. రెండు పూటలా పాలు పోసినాము. ఆ పాలతో నేను కాపీ కూడా తాగినాను. దిగింది. అట్లాంటిదాన్ని నేను. ఏమీ దాచకుండా చెప్తా ఉండాను కాబట్టి ఇది కూడా చెప్తా ఉండాను.

రెండేండ్లకు చిన్నోడు వచ్చినాడు. వాకిట్లోనే నా కాళ్ల మీద పడినాడు. "మా అమ్మకు నేను చేయాల్సింది నువ్వు చేస్తివి వొదినా" అన్నాడు. వాని తల నా పాదాల మీద. నేను కాళ్లు వెనక్కి తీసుకోలేదు. అప్పుడు చెప్పేయాల్సింది. మా ఆయన ఉన్నాడు, అందరూ చూస్తా ఉన్నారు, వాడు దూరం నుంచి అలిసి వచ్చినాడు. ఎన్ని సాకులు! అబద్ధం ఒకసారి చెప్తే ఒక దినమే బరువు. నన్ను మంచిదనుకోనిచ్చినానే, అది ప్రతి దినం చెప్పే అబద్ధం.

ఇప్పుడు మా ఆయన లేడు. చిన్నోడు కువైట్ విడిచిపెట్టి వచ్చి పలమనేరులో సైకిళ్ల అంగడి పెట్టుకున్నాడు. నేను వాని ఇంట్లోనే ఉండాను. నా కూతుర్లు అత్తగారిండ్లలో ఉండారు, నన్ను వాడే రమ్మన్నాడు.

పోయిన నెల మా వీధి మేస్త్రీ ఒకడు గల్ఫుకు పోతానని సలహా అడిగేదానికి వచ్చినాడు. నేను లోపల చింతపండు గింజలు తీస్తా ఉండాను. తలుపు తెరిచే ఉండింది.

"ఒకే విమానానికి రెండు రేట్లంటన్నా. ఎక్కువది దండగ కదా?" అన్నాడు మేస్త్రీ.

"ఇంట్లో పెద్దోళ్లు మంచం మీదుంటే దండగ కాదప్పా. ఎక్కువదే తీసుకో, దినం మార్చుకోవచ్చు. నేను పోయినప్పుడు అది లేకపాయ. ఉండింటే మా వొదిన మెడలోది అమ్మైనా తెచ్చుండును."

మేస్త్రీ గట్టిగా నవ్వినాడు. "మీ వొదినా! పావలా కొత్తిమీర కాడ అర్ధగంట బేరమాడే మనిషి!"

"బేరం కొత్తిమీర కాడప్పా. మా అమ్మ కాడ కాదు."

చిన్నోడు ఆ మాట నవ్వకుండా చెప్పినాడు.

లేసి పోయి చెప్పాలనుకున్నాను. లేవలేదు. చెప్తే ఏమయితాది? వాని అమ్మ తిరిగిరాదు. ఉండే వొదిన కూడా పోతాది. చెప్పకుంటే వానికి మేలే కదా అనుకున్నాను. అనుకున్న వెంటనే నాకు నవ్వొచ్చింది. మళ్ళా వాని బదులు నేనే తేలుస్తా ఉండాను, వానికి ఏది మేలో. అప్పుడూ అదే చేసినాను.

నన్ను క్షమించమని నిన్ను అడగను. నీకు ఆ హక్కు లేదు. ఆ హక్కు ఉండేవాడు అంగడిలో సైకిలు చక్రం బిగిస్తా ఉండాడు, వానికి తెలీదు. కొండకు పోయి మొక్కుకుంటే పోతాదా అని కూడా నేను అడగను. సామి ముందర నిలబడితే నాకు గుర్తొచ్చేది మా అత్త ముఖమే.

ఊరికే, ఉండేది ఉండేట్టు ఒక్కసారన్నా చెప్పాల. ఆ టికెట్టు ఉండింది. నేను కొనలేదు. దుడ్లు ఉండినాయి. లేవన్నాను. ఉండమంటే ఉండేవాడు. పొమ్మన్నాను.

రాసేసినాను.

వాడు అన్నానికి వచ్చే వేళయింది. లేస్తాను, వడ్డించాల.