వికెట్లు లేని మైదానం

డిగ్రీ పూర్తయిన ఏడాది ఎండాకాలంలో, జీతమిచ్చి ఆడించే మహిళల బేస్‌బాల్ జట్టులో షార్ట్‌స్టాప్‌గా చేరాను. సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడి, నేల మీద దూసుకొచ్చే బంతుల్ని ఆపడం షార్ట్‌స్టాప్ పని. మా దగ్గర అలాంటి జట్టు అదే మొదటిది కనుక అందరం వేరే ఆటల నుంచి వచ్చినవాళ్ళమే. నేను శాలిబండ గల్లీలో అన్నలతో క్రికెట్ ఆడి పెరిగాను. నెల రోజులు ఆడించి చూసి, నచ్చితే ఏడాదికి ఒప్పందం రాసుకునేవారు.

బంతి ఆపడంలో నాకు ఇబ్బంది లేదు. చిక్కంతా విసరడంలోనే. కొట్టిన అమ్మాయి ఫస్ట్ బేస్ తాకేలోగా బంతి అక్కడికి చేరితే ఆమె ఔట్. నేను మాత్రం కంగారులో, బ్యాటర్ వెనక కూర్చునే క్యాచర్‌కు విసిరేదాన్ని. గల్లీలో బంతి దొరికితే వికెట్ కీపర్‌కు వేయడమే అలవాటు మరి.

రెండోసారి అలా చేసినప్పుడు కోచ్ సార్ ప్రాక్టీసు ఆపించారు. "ఏందమ్మా, గీడ ఎవరన్న వికెట్లు పాతినరా? ఆఖరి మ్యాచ్‌ల గిట్ల ఏస్తే ఇగ బెంచీయే నీకు." బెంచీ అంటే ఒప్పందం లేనట్టే.

ఫస్ట్ బేస్‌లో ఆడే సబీహా ఆ సాయంత్రం షేర్ ఆటోలో నన్ను ఏడిపించింది. "క్యాచర్ ఒక్కతేనా నీ దోస్తు? మేం దుష్మన్లమా?" తర్వాత మెత్తబడింది. "ఫికర్ చెయ్యకు. బాల్ దొరకంగనే నన్ను చూడు. గాడ్నే ఉంట, యాడికి పోత?"

నెలాఖరు మ్యాచ్‌లో చివరి ఇన్నింగ్స్. ఒక్క పరుగు ఆధిక్యం మాది. ఇంకొక్క ఔట్ చాలు. అవతలి జట్టు అమ్మాయి థర్డ్ బేస్‌లో కాచుకుని ఉంది. బంతి నా కుడివైపు వచ్చింది, ఆపాను. ఆ అమ్మాయి క్యాచర్ వైపు పరిగెత్తింది, అక్కడికి చేరితే పరుగు. చూసేవాళ్ళంతా "కీపర్, కీపర్" అని లొల్లి పెట్టారు. వాళ్ళూ క్రికెట్ వాళ్ళే. నా చెయ్యి కూడా అటే లేచింది. అప్పుడు సబీహా కోసం చూశాను. బేస్ మీద కాలు ఆనించి, గ్లవ్ చాచి నిలబడి ఉంది. అటే విసిరాను. బ్యాటర్ కంటే అడుగు ముందు బంతి చేరింది. బ్యాటర్ ఫస్ట్ బేస్‌కు చేరకుండానే మూడో ఔట్ అయితే, ఈలోగా వచ్చిన పరుగు లెక్కలోకి రాదు. గెలిచాం.

అంపైర్ చెయ్యెత్తారు. ఉన్నచోటే కూలబడ్డాను. కోచ్ సార్ వచ్చి చూశారు.

"కూసో, కూసో. బెంచీ మీదైతే కాదు గదా."

పాప పుట్టేదాకా ఆడి, ఆట నుంచి రిటైరయ్యాను. కంగారు మాత్రం నన్ను వదల్లేదు. పాప రెండుసార్లు తుమ్మినా కాలూ చెయ్యీ ఆడదు. కంగారు పోగొట్టడం ఆ ఆట నాకు నేర్పలేదు. కంగారు పడ్డప్పుడు ఎవరి వైపు చూడాలో ముందే తేల్చుకోవడం నేర్పింది.