హెడ్‌లైట్ మీద అంటించిన బొమ్మ

వేసవి సెలవులకు పులివెందులలోని మా అమ్మవాళ్లింటికి పోయి, నెల తర్వాత ప్రొద్దుటూరుకు తిరిగొచ్చేసరికి మా వీధిలో మూడు మోటార్ సైకిళ్లు పోయాయి. రెండు దొరకలేదు. మూడోది దొరికింది. మా భయం అక్కడే మొదలైంది.

అది మా ఎదురింటి టైలరుది. ఊరి బయట కంపచెట్లలో, ఒక మనిషిని నరికి వదిలేసిన చోటికి దగ్గర్లోనే పడి ఉందట. నంబరు పట్టుకుని పోలీసులు టైలరు ఇంటికొచ్చారు. బండి పోయిన సంగతి ఆయన స్టేషన్లో చెప్పి ఉండలేదు. రెండు రోజులు చూద్దాం, దొరుకుతుందిలే అనుకున్నాడు. పోలీసులు అడిగి పోయారు, సరే. మరుసటి రోజు చనిపోయినవాడి మనుషులు ఇద్దరు వచ్చి, ఆ బండి ఎవరిది, ఇల్లు ఏది అని వీధిలో విచారించి పోయారు. ఆ వారం నుంచి టైలరు తలుపు వేసుకునే కుడుతున్నాడు.

మా ఆయన జమ్మలమడుగు అవతల ఒక పల్లెలో టీచరు. బస్సులు సమయానికి రావు కాబట్టి బండి మీదే పోయేవారు. మా ఇంటికి మూడు ఎత్తు మెట్లు, ఇరుకు వాకిలి. బండి లోపలికి ఎక్కదు. ముందు చక్రానికి గొలుసు వేసి కిటికీ ఊచకు తాళం బిగించాము. అయినా నాకు నిద్ర పట్టేది కాదు. బండి పోతే పోయిందనుకోవచ్చు. దాని మీద ఎవరు ఎక్కి, ఎక్కడికి పోయి, ఏం చేసి వస్తారోనన్నదే నా దిగులు.

మా వీధి మొదట్లో ఒక పార్టీ మనిషి ఉన్నాడు. కొళాయి నీళ్లు రాకున్నా, రేషన్ కార్డు కావాలన్నా ఆయన దగ్గరికే పోతాము. నన్ను చెల్లెలా అని పిలుస్తాడు. ఒకరోజు కొళాయి దగ్గర నా బాధ చెప్పుకుంటే నవ్వాడు.

"గొలుసు తెంచేదానికి ఎంతసేపు చెల్లెలా? మా నాయకుని బొమ్మ అంటించు. యా నాకొడుకూ చెయ్యి పెట్టడు."

ఎన్నికలకు అచ్చు వేయించిన స్టిక్కర్లు ఆయనింట్లో కట్టలుగా ఉన్నాయి. ఒకటి తెచ్చిచ్చాడు.

"గవర్నమెంటు ఉద్యోగం చేసేవాణ్ణి, నాకెందుకే ఇదంతా?" అన్నారు మా ఆయన.

"ఎదురింటాయన కూడా ఇట్లనే అనుకున్యాడు," అన్నాను.

డిగ్రీలో రాజనీతిశాస్త్రం చదువుకున్నదాన్ని. తడిగుడ్డతో దుమ్ము తుడిచి, ఒక్క బుడగ లేకుండా వేలితో నొక్కుకుంటూ, ఆ బొమ్మ హెడ్‌లైట్ పైన నేనే అంటించాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

పదిహేను రోజులు కూడా గడవలేదు. ఒక మధ్యాహ్నం వీధిలో ఆడవాళ్లు గుంపుగా చేరారు. జమ్మలమడుగులో ఎవరినో చంపారట, అంగళ్లు మూసేశారట.

"మనోడు కాదంటలే, వాళ్లోడంట," అంది పక్కింటామె, గుండెల మీద చెయ్యి వేసుకుని.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాకు ఊపిరాడలేదు. అవతలి పార్టీ మనిషి చచ్చిన రోజున, వాళ్ల ఊరి మీదుగానే, ఈ నాయకుని బొమ్మ ముందు పెట్టుకుని మా ఆయన తిరిగి రావాలి. స్కూలుకు ఫోను లేదు. ఏడాదిన్నర పిల్లవాణ్ణి చంకనెత్తుకుని వీధి మొదలుకు పోయి నిలబడ్డాను. అయిదున్నరకు రావాల్సిన మనిషి. ఆరయింది. వచ్చే ప్రతి బండినీ చూశాను. పిల్లవాడు పాలకు ఏడుస్తున్నాడు, ఇంటికి పోవడానికి నాకు కాళ్లు రాలేదు.

ఆరున్నర దాటాక వచ్చారు. టిఫిన్ సంచి హెడ్‌లైట్‌కు వేలాడదీసి ఉంది. నన్ను చూసి కూడా ఆగకుండా ఇంటిదాకా పోయారు. వెనకాలే పరుగెత్తి సంచి పక్కకు జరిపి చూశాను. అక్కడ వాళ్ల నాయకుని బొమ్మ ఉంది.

రోడ్డుకు అడ్డంగా రాళ్లు పెట్టి ఆపారట. ఎవని మనిషివిరా అని కాలరు పట్టుకున్నారట. అంతలో ఒక పెద్దాయన, "ఒరేయ్ ఆగండ్రా, మా పాపకు సదువు చెప్పే సారు," అని అడ్డం వచ్చాడు. బొమ్మ గీకేయమన్నారు. మా ఆయన గోళ్లతో గీకారు. రెండు గోళ్ల కింద నెత్తురు కట్టి ఉంది. పోనిస్తారనుకుంటే ఆ పెద్దాయనే జేబులోంచి వాళ్ల స్టిక్కరు తీసి అంటించాడు.

"ఇంగ బయపడాకండి సారూ. దావలో ఎవురూ మిమ్మల్ని ఆపరు."

మంచికే చేశాడు పాపం. దాన్ని మా వీధిలో ఎవరైనా చూస్తే?

బండి మీద దుప్పటి కప్పి, దుప్పటి కిందికి చెయ్యి పెట్టి కిరసనాయిలు గుడ్డతో రుద్దాను. ఎవరైనా అడిగితే దుమ్ము పడకుండా కప్పామని చెప్పాలనుకున్నాము. బొమ్మ పోయింది, జిగురు మరక మిగిలింది.

పొద్దున్నే పార్టీ ఆయన వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"ఏంది చెల్లెలా, బొమ్మ యాడికి పాయె? పీకేసినారే?"

నేను వెనకాముందూ ఆలోచించకుండా, "పిల్లోడు గీకేసినాడన్నా. యాడ సందు దొరికితే ఆడ గీకుతాండాడు," అన్నాను.

ఆయన మరక మీద వేలు పెట్టి చూశాడు. వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత నవ్వి, పిల్లవాణ్ణి ఎత్తుకున్నాడు.

"ఏరా అల్లుడా, మా నాయకుని బొమ్మనే పీకుతావా? ఈ చెయ్యేనా? నరుకుతా సూడు!"

అరచేతి అంచుతో వాడి మణికట్టు మీద కోస్తున్నట్టు ఆడించాడు. వాడు కిలకిలా నవ్వి రెండో చెయ్యి కూడా చాచాడు. నేనూ నవ్వాను. ఆయన కొత్త బొమ్మ తెప్పించి తన చేత్తోనే అంటించి పోయాడు.

ఆ రోజు నుంచి మా ఆయన బస్సుకే పోతున్నారు. పెట్రోలు ఖర్చు ఎక్కువైందని వీధిలో చెప్పుకున్నాము. బండి కిటికీ కింద కదలకుండా ఉంది. ఈ రాత్రి ఆయన పేరుతో బదిలీ అర్జీ రాశాను. కారణం దగ్గర పెన్ను ఆగింది. అసలు సంగతి రాయడానికి లేదు. చివరికి ‘బిడ్డ ఆరోగ్యం బాగా లేదు’ అని రాశాను. మళ్లీ నెపం వాడి మీదే పెట్టినందుకు, పోయి వాడి పక్కన పడుకోలేక ఇంకా ఇక్కడే కూర్చున్నాను.