తిట్టడానికి చాలని ఊపిరి

ఇంటర్లో సిటీ నుంచి వచ్చి బాపట్ల పెద్దమ్మ ఇంట్లో ఉంటూ, ఎనిమిది వందల మీటర్ల పరుగు సెలెక్షన్లకి తెనాలి వెళ్లాను. మొదటి ముగ్గురినే తీసుకుంటారు. నేను నాలుగోదాన్ని. పరుగు ఆపిన కాసేపటికి ఎప్పటిలాగే ఛాతీ బిగుసుకుపోయి దగ్గు మొదలైంది. ప్రాక్టీసు చాలక వస్తోందనుకుని అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

సెలెక్షన్ చేసే సారు నవ్వారు. "సిటీ పిల్ల కదా, ఏసీలో పెరిగింది!"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. తిడదామని నోరు తెరిస్తే పిల్లికూతలు తప్ప మాట రాలేదు. ఫోన్ తీసి తిట్లన్నీ టైప్ చేసి ఆయన మొహం ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని అందరికీ వినబడేలా చదివారు.

"'మీకసలు బుద్ధుందా అండి? మీరు మనిషేనా అండి?' తిట్లలో కూడా అండీలేంటమ్మా! మా ఊరిదానివైపోయావు."

గ్రౌండంతా నవ్వింది. నా పిల్లికూతలు విని ఆయన మాత్రం నవ్వాపేశారు.

"ఇది అలుపు కాదు తల్లీ, ఉబ్బసంలా ఉంది. కొందరికి పరిగెడితేనే వస్తుంది. డాక్టరుకి చూపించుకో. మందు వాడుతూ పరిగెత్తేవాళ్లు బోలెడుమంది. వచ్చే నెల రేపల్లె సెలెక్షన్లకి రా."

సారీ అని టైప్ చేయబోయాను.

"అది మాత్రం నోటితో చెప్పు. నేను ఆగుతాలే" అంటూ పక్కనే కూర్చున్నారు.

పాపం, చాలాసేపే ఆగాల్సి వచ్చింది.