పదిహేడు వోల్టులు

నాచారంలో కార్ల కరెంటు పనులు చేసే చిన్న షెడ్డు నాది. మీటర్ ఉండేది, కానీ దాన్ని బయటికి తీయడం నాకు నామోషీ. ఇంజను నడుస్తుండగానే బ్యాటరీ వైరు పీకేసేవాణ్ని. బండి ఆగకపోతే, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ బాగున్నట్టే. పాత డైనమో కార్ల మీద మా ఉస్తాద్ నేర్పిన పద్ధతి అది.

ఉప్పల్‌లో ఒక ఓనర్ దగ్గర కారు నడిపే డ్రైవరన్న ఉండేవాడు. నాకంటే పెద్దవాడే, అయినా నన్ను అన్నా అనేవాడు. ఇంట్లో నలుగురికీ ఆయన నౌకరీయే ఆధారం. పొద్దున్నే స్టార్ట్ కావడానికి మొరాయిస్తోందని ఒకసారి కారు తెచ్చాడు. వైరు పీకాను. ఇంజను ఆగలేదు. బ్యాటరీ టెర్మినళ్లు గీకి పంపేశాను.

పది రోజులకు ఓనరే ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. హెడ్‌లైట్లు మాడిపోయాయి. బ్యాటరీ ఉబ్బింది, లోపల నీళ్లు చుక్క లేవు. ఆ రోజు నాకు తల తిరిగేంత పని. అసలే ముక్కు మీద కోపం.

"నీళ్లు పొయ్యకుంటె గిట్లనే అయితది సార్. గిది గూడ సూసుకోకుంటె ఇంకేం డ్రైవర్?" అనేశాను.

"మొన్ననే పోసిన అన్నా," అన్నాడు డ్రైవరన్న.

ఓనర్ వినలేదు. అక్కడే ఆయన చేతిలోంచి తాళంచెవి తీసుకుని నాకిచ్చి, రేపటి నుంచి రావద్దని ఆయనకు చెప్పేశాడు.

వాళ్లు కారు వదిలి వెళ్లాక కొత్త బ్యాటరీ బిగించి, ఎందుకో మీటర్ పెట్టాను. పద్నాలుగు, పద్నాలుగున్నర దగ్గర నిలవాల్సిన ముల్లు పదిహేడుకు పోయింది. ఇంజను ఎంత వేగంగా తిరిగినా వోల్టేజీ హద్దు దాటకుండా చూసేది రెగ్యులేటర్. వోల్టేజీ పెరిగితే ఆల్టర్నేటర్ లోపలి కాయిల్‌కు కరెంటు తగ్గిస్తుంది, పడిపోతే పెంచుతుంది. నడిచే బండికి బ్యాటరీ పీకితే వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసి ఆ రెగ్యులేటర్‌నే కాల్చేస్తుంది. ఆపేవాడు లేక బ్యాటరీ పది రోజులు ఉడికింది. పోసిన నీళ్లన్నీ ఆవిరయ్యాయి. వైరు పీకింది నా చెయ్యి.

రెగ్యులేటర్ మార్చాను. ఓనర్‌కు ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. షెడ్డు పేరు పోతుందని చెయ్యలేదు. ఇంత సిగ్గుమాలిన పని నేను ఇంకోటి చెయ్యలేదు.

కొన్ని నెలల తర్వాత డ్రైవరన్న షెడ్డుకొచ్చాడు. మౌలాలిలో ఏదో గోదాం దగ్గర కాపలా ఉంటున్నాడట.

"స్టీరింగ్ మళ్ల ఎవ్వలియ్యలే అన్నా. గా సారు అందరికి చెప్పిండు," అన్నాడు.

చాయ్ తెప్పించాను. సగం తాగి గ్లాసు చేతిలోనే పెట్టుకుని అన్నాడు: "నువ్వన్నదే నిజమేమో. నీళ్లు పోసిన అనుకున్న గని, మర్చిపోయినట్టున్న."

ఇప్పుడన్నా చెప్పాలి, చెప్పేయాలి అనుకున్నాను.

"ఇంకో చాయ్ తాగుతవా అన్నా?" అని అడిగాను.